మైదానం మూల మీది కరెంటు తీగ

కోవిడ్ తగ్గుముఖం పట్టిన ఏడాది వేసవిలో, ఐర్లండ్‌లో కార్లో అనే ఊరికి కొంత దూరంలో ఉన్న ఒక చిన్న ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో కన్సల్టెంటుగా చేరాను. కన్సల్టెంటంటే ఆ విభాగంలో ఆఖరి మాట చెప్పే డాక్టరు. ఆ మాట ఎంతవరకు చెల్లుతుందన్నది మాత్రం మేనేజరు చేతిలో ఉంటుంది.

మాకు హెలిప్యాడ్ లేదు. డబ్లిన్‌కి అత్యవసరంగా పంపాల్సిన రోగి ఉంటే, హెలికాప్టర్ పక్కనే ఉన్న, కర్రలతో బంతిని కొట్టే హర్లింగ్ ఆట మైదానంలో దిగేది. ఆ మైదానం ఒక మూల మీదుగా కరెంటు తీగ పోతుంది. అంత తక్కువ ఎత్తు తీగలు పైలట్ల మ్యాపుల్లో చాలావరకు ఉండవు. పైలట్లు తీగ కోసం వెతకరు కూడా, ఎందుకంటే ఆకాశం మీద అది కంటికి ఆనదు. స్తంభాల కోసం వెతుకుతారు. స్తంభం కనిపిస్తే తీగ ఉన్నట్టే. ఇక్కడేమో స్తంభాలు రెండూ పాదులల్లుకుని చెట్లలో కలిసిపోయాయి. తీగకి నారింజ రంగు బంతులు తగిలించండి, దూరానికి కనిపిస్తాయని చేరిన నెలలోనే అడిగాను. ఇన్నేళ్ళూ గ్రాండ్‌గానే ఉంది కదా అన్నారు మేనేజరు. బాగానే ఉందనడానికి ఇక్కడివాళ్ళ మాట అది. ఈ దేశంలో అన్నీ గ్రాండే! పైగా ఆ పనికి ఏడాది పైనే పడుతుందట.

ఆకురాలే కాలంలో ఒక మధ్యాహ్నం గుండెపోటు రోగి కోసం హెలికాప్టర్ వచ్చింది. పైలట్ పేరు డోనల్. ఆ మైదానానికి కొత్త. పద్ధతి ప్రకారం పైన ఒక చుట్టు తిరిగి, అంతా చూసుకుని దిగసాగాడు. తోక తీగకి తగిలింది. చెట్లంత ఎత్తు నుంచి హెలికాప్టర్ కూలింది. వెనకున్న పారామెడిక్ గీతలతో బయటపడ్డాడు. డోనల్‌ని మా దగ్గరికే మోసుకొచ్చారు. మెడకి పట్టీ వేసి, నలుగురం కలిసి ఒంటిని దుంగలా ఒక్కసారిగా పక్కకి తిప్పాక, నేను వెన్ను తడిమి చూశాను. నడుము దగ్గర పూస నలిగిపోయింది. కాళ్ళకి స్పర్శ లేదు. ఎలా ఉందని అడిగితే, "గ్రాండ్, డాక్టర్. ముందు ఆ రోగి సంగతి చూడండి" అన్నాడు.

ఇద్దర్నీ అంబులెన్సుల్లో రోడ్డు మీదే డబ్లిన్ పంపాం. గుండెపోటు మనిషి బతికాడు.

శకలాలు తీసుకెళ్ళిన మర్నాడే తీగ మళ్ళీ కట్టేశారు. అదే మూల, అదే ఎత్తు, ఒక్క బంతి లేదు. చేతులు కాలాకైనా ఆకులు పట్టుకుంటారు, వీళ్ళకి అదీ లేదు. మీటింగులో మేనేజరు, పైలట్ చూసుకోవాల్సిందనీ, హెలికాప్టర్లు ఎప్పటిలాగే దిగుతాయనీ అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పక్కన కూర్చున్న మా జూనియర్ డాక్టరు శ్రీలతది వరంగల్. "ఊకోండి సార్, మనకెందుకీ లొల్లి. బయటి నుంచి వచ్చినోళ్ళం" అంది మెల్లగా. ఆ అమ్మాయిని అనడానికి లేదు. ఇక్కడ తల వంచుకుని పని చేసుకుపోవడమే మర్యాదని మనవాళ్ళం ఒకరికొకరం నేర్పుకున్నాం.

నేను ఊరుకోలేదు. మీటింగులో ఉన్నవాళ్ళందరినీ మైదానానికి తీసుకెళ్ళాను. తీగ ఎక్కడుందో చూపించమని మేనేజరుని అడిగాను. ఆయన కళ్ళు చిట్లించి వెతికారు. నేల మీద నిలబడి, ఉందని తెలిసి, తీరిగ్గా వెతికినా దొరకలేదు. చివరికి దాని మీద ఒక కాకి వాలితే అటు చెయ్యి చూపించారు. ఆ కాకి రాకపోతే సాయంత్రం దాకా అక్కడే ఉండేవాళ్ళం.

బంతులు పడేదాకా ఇక్కడికి హెలికాప్టర్ పిలవనని చెప్పేశాను.

"రోడ్డు మీద తీసుకెళ్తుంటే రోగి ఎవరైనా పోతే బాధ్యత మీదే" అన్నారాయన.

"నాదే. అందరి ముందూ చెప్తున్నాను. మరి డోనల్ కాళ్ళ బాధ్యత ఎవరిదో మీరూ చెప్పండి."

ఏడాది పైన పట్టే పని వారం తిరక్కుండా అయిపోయింది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు మండుతుంది. వారంలో అయ్యేదాన్ని ముందే చేయడానికి ఏం రోగం? డోనల్ మళ్ళీ నడవలేదు. మేనేజరు లెక్కలో అది ఆఖరిదాకా పైలట్ పొరపాటే.

రిటైరయ్యేదాకా నా విభాగంలో ఎవరైనా "చూసుకోవాల్సింది" అంటే, అది ఒకేలా ఉన్న రెండు మందు సీసాల గురించైనా సరే, ముందు నేను వెళ్ళి ఆ చోట నిలబడి చూసేవాణ్ణి. కనిపించేలా పెట్టడం పెట్టినవాడి పని. ఆ పని చేయనివాడికి, చూడలేదని ఇంకొకణ్ణి తప్పుపట్టే హక్కు లేదు.