ఇప్పచెట్ల కింద పెట్టిన నిప్పు

రెండో తరగతిలో బడి మానేశాను. పంతులు రెండు రోజులు వెతికి, మూడో రోజు నుంచి హాయిగా నిద్రపోయాడని మా నాయిన అనేవాడు. నా కాళ్లు ఒకచోట నిలిచేవి కావు.

లింగాల ఘనపూర్ దగ్గర మెట్ట చెలకల్లో పుట్టినదాన్ని, ములుగు ఘనపూర్ అవతల అడవి పక్క ఊరికి కోడలిగా వచ్చాను. ఒక ఘనపూర్ నుంచి ఇంకో ఘనపూర్‌కే కదా, ఏముంది తేడా అని మా నాయిన పంపాడు. తేడా పులి.

దొరల మీద తిరగబడ్డ సంఘం ఊళ్లలోకి వచ్చి, నిజాం సర్కారు మనుషులు అడవి చౌకీలు వదిలి పారిపోతున్న ఏడాది అది. నా పెనిమిటి కూలికి మానుకోట వైపు పోయాడు. ఇంట్లో అత్త, నేను, పాలు తాగే బిడ్డ. శివరాత్రికే జొన్నలు అయిపోయాయి. వానలు పడేదాకా మాకు దిక్కు ఇప్పపువ్వే. ఎండబెట్టి, వేయించి, దంచి ఉడకబెట్టుకోవడమే. అది లేకపోతే నాకు పాలు రావు. అప్పటికే బిడ్డ చప్పరించి చప్పరించి నా ముఖం చూసేది, ఇదేం ఎగతాళి అన్నట్టు.

అంతకుముందు అడవి సర్కారుది, పువ్వు గుత్తేదారుది, వంగే నడుము మాత్రం మాది. గుత్తేదారు మనిషి ఇంటికొక చెట్టు చూపించేవాడు. దాని పువ్వు మాకు. మిగతా అడవంతా ఏరి వాడికి పొయ్యాలి, బదులుగా దోసెడు ఉప్పు.

ఆ ఏడు వాడూ పారిపోయాడు. సంఘం నుంచి వచ్చిన అన్న ఊరందరినీ కూర్చోబెట్టి, అడవి ఇక ప్రజలదని, ఒకడి లాభానికి ఎవరూ వంగనక్కర్లేదని చెప్పాడు. చప్పట్లు కొట్టాం. కొడుతూనే ఎవరికి వాళ్లం చెట్ల వైపు చూశాం.

అక్కడొక ఆచారం ఉంది. పువ్వు రాలే ముందు చెట్టు కింద ఎండాకులు ఊడ్చి కాలబెడతారు. నేల నున్నగా ఉంటేనే పువ్వు కంటికి ఆనుతుంది. ఎవరు కాల్చితే ఆ ఏటికి చెట్టు వాళ్లది, ఇంకొకరు ముట్టరు. అయితే కాల్చేవాళ్లు మంట దాటకుండా చుట్టూ ఆకులు ఊడ్చి దారి తీయాలి, మంట ఆరేదాకా కొట్టి ఆర్పడానికి పచ్చి మండ పట్టుకుని నిలబడాలి. ఇంటికొక్క చెట్టున్నప్పుడు నిలబడటం కష్టమా? అడవంతా మనదయ్యాక నిలబడే తీరిక ఎవరికుంది?

మర్నాడు పొద్దెక్కేసరికి నేను మూడు చెట్ల కింద అంటించి, నాలుగోదాని కోసం ఉరుకుతున్నాను. అత్త వెనక నుంచి పిలిచింది.

"ఒక్కదాని కాడ నిలబడు పిల్లా. అగ్గికి గూడ నీలెక్కనే కాళ్లున్నయి."

నీవి పాత కాళ్లు, నువ్వే నిలబడు అత్తా అన్నాను. పక్క చెట్టు కింద అంటిస్తున్న పొరుగింటి వదినె పకపకా నవ్వి, తనూ ఇంకో చెట్టుకు ఉరికింది. ఊరంతా అట్లాగే ఉరికింది. అప్పుడు గాలి లేచింది.

మధ్యాహ్నానికి వాగు ఇవతలి చెట్ల మీద మొగ్గలన్నీ మాడిపోయాయి. మనుషులకు చేతులు కాలాయి, అంతే. వాగు అవతలి చెట్లు మాత్రం మిగిలాయి.

అన్న మళ్లీ అందరినీ కూర్చోబెట్టాడు. నిప్పు ఎవరిదంటే ఊరంతా నేల చూసింది. నేనూ చూశాను. ఒక ముసలాయన మెల్లగా, గుత్తేదారు ఉన్నన్నాళ్లు అడవి కాలలేదు కదా అన్నాడు. వాణ్నే మళ్లీ పిలుద్దామని ఇద్దరు ముగ్గురు తలలూపారు. ఇక కూర్చోలేకపోయాను.

"మూడు మంటలు నాయే. నిలబడలే. నన్ను తిట్టుండ్రి, గని వాణ్ని పిలవకుండ్రి. మన పువ్వు నేనైతే ఒక్కపారి కాలబెట్టిన, వాడు ఏటేట మింగుతడు."

ఎవరో నవ్వారు. వదినె లేచి, తనవి రెండని చెప్పింది. ఆ తర్వాత ఒక్కొక్కరే లేచారు.

వాగు అవతలి చెట్లు ఏ ఇంటివీ కావని తేల్చారు. అందరూ కలిసి ఊడ్చాలి, మంట దగ్గర వంతులేసుకుని నిలబడాలి, ఏరిందంతా ఒక్క కుప్ప పోసి తినే మనిషికి సోలెడు చొప్పున పంచాలి. పాలు తాగే పిల్లలకు వంతు లేదు. కొలిచే సోల నా చేతికిచ్చారు. అది గౌరవమో శిక్షో నాకిప్పటికీ తెలియదు.

పంచే రోజు కుప్ప చిన్నదిగానే ఉంది. మా వంతుకు అత్త గంప పట్టుకుని వచ్చి, నా చెవి దగ్గరికి వంగింది.

"జర పైకి పొయ్యి. పాలు రావాల్సింది నీకే."

సోల నిండి పైన ఇంకో గుప్పెడు నిలబడింది. గీయాల్సిన నా అరచెయ్యి దాని మీద ఆగింది. అత్త వెనక వదినె, ఆమె చంకలో నా బిడ్డ ఈడుదే ఇంకో బిడ్డ. సోల అంచుకు సమంగా గీశాను. పైన ఉన్న పువ్వు జారి ఊరి కుప్పలో పడింది. అత్త దాన్ని అక్కడే కళ్లతో ఏరుకుంది.

"గుత్తేదారు మనిషి గూడ గింత గట్టిగ గియ్యకపోతుండె" అని గంప ఎత్తుకుంది.

వదినె గంప ముందుకొచ్చింది. ఆమెకూ అంతే గట్టిగా గీశాను.