మైపాడు దారిలో రొయ్యకు నేను వేసిన రంగు

ఒక్క తెల్లరంగు డబ్బాతో ఊరందరి గుండెలు ఆగినంత పని చేసిన మొనగాణ్ణి మీరు చూసి ఉండరు. అది నేనే. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ పొద్దు మాత్రం నాకు నవ్వు రాలేదు.

మా నెల్లూరు పక్క అడ్రసులన్నీ బొమ్మల మీదే నడుస్తాయి. ఇంటి నంబరు చెబితే ఆటోవాడు పిచ్చోణ్ణి చూసినట్టు చూస్తాడు. ‘సిమెంటు ఏనుగు దాటినాక ఎడంపక్క’ అంటే గుమ్మంలో దించుతాడు. గూడూరులో మా మేనత్త ఇల్లు ఒక సిమెంటు నిమ్మకాయ వెనక. అట్టాంటిదే మైపాడు పోయే దారిలో ఒక రొయ్య. మనిషికి రెండింతల ఎత్తు, ఇనప కడ్డీల మీసాలు. రొయ్యల గుంటలకు పోయే బండ్లన్నీ దాన్ని చూసుకునే మలుపు తిరుగుతాయి.

ఉప్పుగాలికి దాని రంగంతా రాలిపోతే, అక్కడ గుంటలున్న పెంచలయ్యన్న కొత్తరంగు వెయ్యమని మా రంగుల మేస్త్రీకి చెప్పినాడు. మేస్త్రీకి జ్వరం, నన్ను పంపినాడు. నేనేమో మనుబోలు పక్క వరిపొలాల్లో పెరిగినోణ్ణి. గోడల మీద అక్షరాలు రాయడం తప్ప బొమ్మల జోలికి పోలేదు. ఏం రంగు వేస్తావని పెంచలయ్యన్న అడిగితే, మీరు ఇంటికి పొండన్నా, రొయ్య రంగు కూడా తెలీకుండానే వచ్చినానా అని పంపించేసినాను. అప్పట్లో నా నోటికి నా బుర్రతో పరిచయం తక్కువ.

సరుగుడు కొయ్యలు కట్టుకుని పైకెక్కి, తలనుంచి తోకదాకా ఎర్రగా దట్టించినాను. బాగుంది కానీ బోసిగా ఉంది. పెళ్లికూతురి చీరకు బుటాలున్నట్టు ఒళ్లంతా తెల్లచుక్కలు పెట్టినాను. ఎంత శ్రద్ధగా పెట్టినానంటే, పొట్ట కింద ఎవరికీ కనపడని చోట కూడా వదల్లేదు.

అంతలో ఒక వ్యాను వచ్చి మలుపులో ఆగింది. అందులోనుంచి ఒక పెద్దమనిషి దిగి రొయ్యను కిందినుంచి మీదిదాకా చూసినాడు. నా పనితనానికి ముచ్చటపడినాడనుకుని పైనుంచే దండం పెట్టినాను. ఆయన నాకేసి జాలిగా చూసి, ఫోన్లో ఎవరితోనో రెండు ముక్కలు మాట్లాడి, వ్యాను వెనక్కి తిప్పించుకుని పోయినాడు.

కాసేపటికి పెంచలయ్యన్న బండి మీద వచ్చినాడు. వెనకాల గుంటల మీదుండే మనుషులంతా వచ్చినారు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"దిగు అబ్బయ్యా" అన్నాడు మెల్లగా.

తిట్టినా బాగుండేది. ఆ మెల్లదనానికి నా చేతిలో బ్రష్షు జారి కిందపడింది. కొయ్యలు పట్టుకుని కిందికి దిగినాను. పారిపోదామంటే ఒకపక్క సముద్రం, నాకు ఈత రాదు. ఇంకోపక్క వాళ్లే నిలబడి ఉన్నారు.

అప్పుడు తెలిసింది నాకు. రొయ్యకు వైట్ స్పాట్ అని ఒక రోగం ఉందంట. ఒళ్లు ఎర్రబడి, పెంకు మీద తెల్లచుక్కలు వచ్చి, గుంటకు గుంట చచ్చిపోతుందంట. ఆ పేరు చెబితే ఆ దారిన కొనేవాడు తొంగి కూడా చూడడు. నేను ఆ రోగాన్ని రెండు నిలువుల ఎత్తున, రోడ్డు మీద, ఎండలో మెరిసేట్టు వేసి పెట్టినాను. వ్యానులో వచ్చినాయన రొయ్యలు కొనే సారు. తెల్లారితే పెంచలయ్యన్న గుంటలో రొయ్యలు పట్టాలి. ‘రోగముందని బొమ్మ వేసి మరీ చెప్పినారు, మీ ఊరి నిజాయితీకి దండం’ అని ఫోన్లో చెప్పి పోయినాడంట.

"మా పాప కాలేజీ చదువు ఆ గుంటలోనే ఉంది అబ్బయ్యా" అన్నాడు పెంచలయ్యన్న. ఆయన కళ్లలో నీళ్లు చూసినాక, తన్నులు తినడమే మేలనిపించింది నాకు.

నన్ను బండెక్కించుకుని వ్యాను వెంట పడినాడు. టీకొట్టు దగ్గర దొరికింది. ఆ సారు మా మాట నమ్మితేగా! రోగం దాచిపెట్టడానికి ఈ రంగులోడికి కథ నేర్పి తెచ్చినావన్నాడు. పెంచలయ్యన్న ముఖం పాలిపోయింది. చివరికి ఆ సారు నావైపు తిరిగినాడు.

"రొయ్యను ఎప్పుడన్నా చూసినావా?"

"చూసినాను సార్."

"యాడ?"

అబద్ధం ఒక్కటీ గుర్తు రాలేదు.

"మా అమ్మ చేసే పులుసులో సార్."

ఆయన తాగుతున్న టీ ముక్కులోనుంచి వచ్చింది. దగ్గి, తుడుచుకుని, మళ్లీ నా ముఖం చూసి మళ్లీ నవ్వినాడు. "పద పెంచలయ్యా, గుంట చూద్దాం. ఈ ముఖం అబద్ధం చెప్పే ముఖం కాదు, దానికి కూడా తెలివుండాలి" అన్నాడు. వల వేయించి, రొయ్యలను చేతిలోకి తీసుకుని చూసి, నిక్షేపంగా ఉన్నాయని, తెల్లారి కొంటానని మాటిచ్చి పోయినాడు.

ఆ సాయంత్రం బక్కెట్లో బతికున్న బూడిదరంగు రొయ్యలు పెట్టి, వాటిని చూపించి నాచేత మళ్లీ రంగు వేయించినారు. వాళ్లు నా బ్రష్షు మీదనుంచి చూపు తిప్పితే ఒట్టు.

ఆ మైపాడు సముద్రం సాక్షిగా అప్పుడే ప్రమాణం చేసినాను, బతికున్నదాన్ని కళ్లారా చూడకుండా దేని బొమ్మా వెయ్యనని. మొన్న ఒకాయన తన జిమ్ము ముందు నోరు తెరిచిన పులిని వెయ్యమని వచ్చినాడు. దండం పెట్టి, అక్షరాలైతే రాస్తానన్నాను. ఇప్పుడా జిమ్ము ముందు ఎర్రరంగుతో, పెద్ద అక్షరాలతో, ‘పులి’ అని ఉంటుంది.