ఊపిరితో కదిలే పూత

ఎనభై అయిదో సంవత్సరం. ఆ పొద్దు ఎమ్మిగనూరులో మా ఇంటి ముందు వీధిలో మగ్గానికి పడుగు నూలు సాచి గంజి పట్టిస్తున్నాం. నేనొక పక్క, మా ఆయన ఒక పక్క. ఈ పని మొదలుపెడితే ఆపకూడదు. గంజి ఆరేలోగా కుంచెతో దువ్వుతూ పోగులు విడదీయాలి. ఆపితే దారాలన్నీ ఒకదానికొకటి అంటుకుని చెక్క మాదిరి అయిపోతాయి. మా కూతురు నాగరత్న గడప మీద కూర్చుని కండెలు చుడుతోంది. కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఎనిమిదో నెల ఇంకా నిండలేదు.

"అమా, చీర తడిసిపాయ" అంది.

చెంబు ఒలికిందేమో అనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే ఉమ్మనీరు. కుంచెలు పారేశాం. పడుగును వీధిలోనే వదిలేసి, జీపు మాట్లాడుకుని ఆదోని ఆసుపత్రికి పోయాం.

సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. ఏడ్చింది. అమ్మయ్య అనుకున్నాం. కాసేపటికే ఊపిరి వదిలినప్పుడల్లా మూలగడం మొదలుపెట్టింది. పీల్చినప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతోంది. నర్సమ్మ చూసి, ఎత్తుకుని పోయింది.

ఎక్స్‌రే తీశాక పిల్లల డాక్టరు నన్ను పిలిచాడు. కర్నూలు పిల్లోడు, నెమ్మదిగా మాట్లాడేవాడు. "ప్రీమెచ్యూర్ బేబీ అవ్వా. రెస్పిరేటరీ డిస్ట్రెస్ ఉంది. హయలిన్ మెంబ్రేన్ డిసీజ్ అనుకుంటాండాం" అన్నాడు. ఈ పేర్లు విన్నవి విన్నట్టే రాస్తున్నాను. నేను అక్షరాలు నేర్చింది తల నెరిశాక, రాత్రి బడిలో. తప్పుంటే దిద్దుకుని చదవండి.

"నాకు అర్థమయ్యేటట్ల చెప్పు సామీ. బతుకుతాదా?"

"ఇప్పుడే చెప్పలేను. ఊపిరితిత్తుల్లో గాలి గదులు ఉంటాయి, కంటికి కనపడనంత చిన్నవి. వాటి లోపల పూత ఉంటుంది. సర్ఫాక్టెంట్ అంటాం. నెలలు నిండకుండా పుట్టింది కదా, ఆ పూత ఇంకా చాలినంత లేదు. అది లేకుంటే ఊపిరి వదిలిన ప్రతిసారీ గదులు ముడుచుకుని అంటుకుంటాయి."

నాకు వీధిలో వదిలేసి వచ్చిన పడుగు గుర్తొచ్చింది. "గంజి లేని పోగు మాదిరా?" అని అడిగాను. గంజి లేకుంటే మగ్గం మీద పోగులు నూగు లేచి ఒకదాన్నొకటి పట్టుకుంటాయని చెప్పాను.

డాక్టరు విన్నాడు. "కొంతవరకే అవ్వా. గంజి ఆరి గట్టిపడి అట్లే ఉండిపోతుంది. ఇది అట్లా కాదు. ఊపిరి వదిలితే దగ్గరికి చేరి గట్టిపడుతుంది, గదిని ముడుచుకోనీదు. పీల్చితే మళ్లీ పలచగా పరుచుకుంటుంది. బతికినన్నాళ్లూ ఊపిరితో కదులుతూనే ఉండాల."

"లేకుంటే బయటినుంచి పోయలేరా?"

"బయటి దేశాల్లో పశువుల ఊపిరితిత్తుల నుంచి తీసి, గొట్టంతో లోపలికి పోసి చూస్తాండారు. చిక్కగా ఉంటే చివరి గదుల దాకా పారదు. పారినా అక్కడ పరుచుకోవాల, ముడుచుకోవాల. ఇంకా పరీక్షల్లోనే ఉంది. మన దగ్గరికి రాలేదు. మూడు నాలుగు రోజులు దాటితే బిడ్డ ఊపిరితిత్తులే తయారు చేసుకుంటాయి. అంతదాకా ఆక్సిజన్, వెచ్చదనం, డ్రిప్. అంతే మన చేతిలో ఉండేది."

సరే అన్నాను. ఏడుపు రాలేదు. వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. నాగరత్న అడిగితే "ఉండాది" అని మాత్రం చెప్పాను.

మరుసటి రోజు హాలహర్వి నుంచి మా వియ్యపురాలు సుంకమ్మ వచ్చింది. డాక్టరు చెప్పిందంతా చెప్పాను. ఆమె నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. వాళ్ల ఊళ్లో ఎవరి బిడ్డకైనా ఆమే నీళ్లు పోయాలి. నీళ్లు పోసినాక ముక్కులో ఆముదం చుక్క వేయాలి. మా పక్కన అందరూ చేసేదే.

"జారుడు పూత లేదన్నాడా? పోసే మందు యాడో దేశంలో ఉందన్నాడా?" అంది. "మన ఆముదం దేనికుండాది మరి?"

"డాక్టర్ను అడగల్ల వదినా."

"మగ్గం గుంతలో కూచుండేదానివి, నీకేం తెలుసు బిడ్డల సంగతి? నా బిడ్డలందరికీ పోసినా. ఒక్కడన్నా తుమ్మినాడా?"

"తుమ్మలేదు. ఇప్పటికీ నీకు ఎదురు మాట్లాడరు కూడా" అన్నాను. నాగరత్న మంచం మీంచి కొంచెం నవ్వింది. కాన్పయ్యాక అదే మొదటి నవ్వు. ఆ మాట అంతటితో అయిపోయిందనుకున్నాను.

బిడ్డను చూసేందుకు మమ్మల్నిద్దరినీ లోపలికి రానిచ్చారు. బిడ్డ తల చుట్టూ పెట్టిన ఆక్సిజన్ హుడ్‌ను తుడవడానికి ఆసుపత్రి ఆయా తీసింది. సుంకమ్మ కొంగు ముడిలోంచి చిన్న ఆముదం సీసా తీసి, వేలు ముంచి, బిడ్డ ముక్కులో చుక్క వదిలింది. నేను చూసేసరికి అయిపోయింది. బిడ్డ దగ్గలేదు. దగ్గడానికి బలం లేదు. పెదవులు నీలంగా మారాయి. నర్సమ్మ కేకేసింది. సక్షన్ గొట్టం పెట్టారు. మమ్మల్ని బయటికి పంపారు.

డాక్టరు బయటికి వచ్చి సుంకమ్మ ముందు నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"నూనె జారుతుందమ్మా, నిజమే. జారి లోపలికి పోతుంది. పోయినచోటే కూర్చుంటుంది. ఊపిరితో పాటు పరుచుకోదు, ముడుచుకోదు. బయటికీ రాదు. ఉన్న కొంచెం పూతను కూడా అది చెడగొడుతుంది."

సుంకమ్మ వరండా చివరికి పోయింది. సీసాను మోరీలో ఒంపేసింది. ఆ చేతిని చీరకు తుడుచుకుంటూనే కూర్చుంది.

తరవాత నిమోనియా వచ్చిందన్నారు. ఇంజెక్షన్లు వేశారు. మూలుగు తగ్గింది, మళ్లీ వచ్చింది. మా ఆయన రోజూ క్యారియర్ తెచ్చేవాడు. తిన్నామో లేదో నాకు గుర్తులేదు. ఒక పొద్దున పక్కటెముకల కింద గుంట పడటం లేదని నర్సమ్మ చూపించింది. చూశాను. సంతోషం అప్పుడు కలగలేదు. డాక్టరు చెవిగొట్టం తీసి, "దాని పూత అది తయారు చేసుకుంటాంది" అన్నాడు.

ఇంటికి వచ్చాక పడుగును చూశాను. ఇరుగుపొరుగు వాళ్లు చుట్టి అరుగు మీద పెట్టారు. విప్పితే విరిగేటట్టుంది. కోసి పొయ్యిలో పెట్టాను.

బిడ్డకు ఉరుకుంద ఈరన్న స్వామి పేరు పెట్టుకున్నాం, ఈరమ్మ అని. ఇప్పుడు బడికి పోతోంది. చలికాలంలో పిల్లికూతలు వస్తాయి, మందు వాడతాం. మిగతా రోజుల్లో పడుగు కిందనుంచి దూరి పరిగెత్తుతుంది, మా ఆయనతో తిట్లు తింటుంది. ఆ పోసే మందు మన దగ్గరికి వచ్చిందో లేదో నాకు తెలియదు.

పోయిన పండక్కి సుంకమ్మ వచ్చి దాని తలకు నూనె అంటింది. నూనె నుదుటి మీదికి కారింది.

"జేజీ, ముక్కు మీదికి వస్తాంది" అంది పిల్ల నవ్వుతూ.

సుంకమ్మ కొంగుతో గట్టిగా తుడిచింది. నూనె పోయాక కూడా తుడుస్తూనే ఉంది. ఇప్పుడు వాళ్ల ఊళ్లో బిడ్డలకు నీళ్లు పోయడానికి ఆమె సీసా తీసుకోకుండానే పోతుంది. ఎవరైనా ఆముదం తెస్తే ఒంటికే రాస్తుంది.

నేను చెప్పేది కూడా అంతే. పసిబిడ్డ ముక్కులో ఏ నూనె కూడా వేయకండి. ఎంత పెద్దవాళ్లు చెప్పినా వేయకండి.