ఆటో లైటు కమ్మలు

మొన్న బుధవారం పొద్దున నా నగల దుకాణం షట్టరు ఎత్తి, ఇంకా అగరుబత్తి కూడా వెలిగించలేదు, ఒక అమ్మాయి వచ్చి నా బల్ల మీద ఒక వెండి కమ్మ పెట్టింది. శీల విరిగింది. ఇంటర్‌లో చేరినప్పుడు మా దగ్గరే కొన్నదట. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. రోజూ పెట్టుకుందని కమ్మను చూస్తేనే తెలుస్తుంది, అంచు అరిగి నునుపు తేలింది. నేను కళ్లద్దాలు పైకి తోసి దాన్ని తిప్పి చూస్తుంటే, మొహమాటపడుతూనే అడిగింది. "మేడం, ఎప్పటిసంది అడుగుదామనుకుంటున్న. వెనక గీ చిన్న గొట్టమెందుకున్నది? చెవుల పెట్టుకునేతందుకు శీల వేరే ఉన్నది గదా?" ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమే. నాకు ఎంత ముచ్చటేసిందంటే, కూర్చోబెట్టి చాయ్ తెప్పించాను. చాయ్ వచ్చేలోపు చెప్పేసే సంగతి కాదు అది.

రాష్ట్రం వచ్చిన రెండో ఏడో మూడో ఏడో నేను బడి ఉద్యోగం మానేశాను. మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బళ్లో బొమ్మలు నేర్పే టీచర్ని. పిల్లలతో పద్దెనిమిదేళ్లు కొండలూ, కొండల మధ్య సూర్యుడూ, ఒక గుడిసే గీయించి గీయించి విసుగొచ్చింది. మా ఊళ్లో ఎవరు చూశారమ్మా ఆ రెండు కొండల మధ్య సూర్యుణ్ణి? ఇక్కడ పొద్దు పొడిచేది సెల్ టవర్ పక్కనుంచి. నాకేమో ఊళ్లో వస్తువుల ఆకారాలు చూసే పిచ్చి. మూసిన షట్టరు మడతలు, కరెంటు తీగ మీద ఎడం ఎడంగా కూర్చున్న పావురాలు, రైలు గేటు మీద ఎరుపూ తెలుపూ పట్టీలు. ఇవన్నీ నగలైతే ఎలా ఉంటాయో చూడాలనిపించింది. షట్టరు మడతలతో కంకణం, తీగ మీద పావురాలతో మెడ గొలుసు గీశాను. మా అత్తమ్మ కాగితాలన్నీ ఓపిగ్గా చూసి, "లక్ష్మీదేవి లేదు, మామిడి పిందె లేదు. షట్టరును చేతికేసుకుంటరా ఎవరన్న?" అంది. మా ఇంటాయన మాత్రం ఒక ఏడాది గడువు పెట్టాడు. ఏడాదిలో వ్యాపారం నిలబడకపోతే బళ్లో మళ్లీ చేరాలి. నా కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందని హెడ్మాస్టరు గారు దారిలో కనిపించినప్పుడల్లా చెప్పేవారు. ఆ మాట వింటే నాకు ఆ రెండు కొండలూ కళ్ల ముందుకొచ్చేవి.

గీయడం నాకొచ్చు, వెండిని వంచడం రాదు కదా. గడియారం చౌరస్తా వెనక సందులో ఒక కంసాలి ఉండేవాడు. మా వైపు ఔసులాయన అంటాం. నేను కాకా అని పిలిచేదాన్ని. పెద్ద పెద్ద నగల షోరూములు వచ్చాక ఆయన దగ్గరికి అతుకు వేయించుకునేవాళ్లు తప్ప కొత్త నగ చేయించుకునేవాళ్లు రావడం మానేశారు. మూరెడు అరుగు, కుంపటి, ఊదే గొట్టం, ఎప్పుడూ గొంతు బొంగురుపోయిన ఒక రేడియో. ఆయనకో పద్ధతి ఉంది. మనం ఇచ్చిన కాగితం ఏ వస్తువు బొమ్మో అడగడు. "ఎన్ని? ఎప్పటికి?" ఈ రెండే ప్రశ్నలు. ఎవరి సొమ్ము ఎందుకు చేయించుకుంటారో అడగడం మర్యాద కాదని ఆయన నాయిన నేర్పాడట. షట్టరు కంకణం చేసిన మూడు నెలలకు గానీ అది షట్టరని ఆయనకు తెలియదు. అంతవరకూ దాన్ని వరిమడి చాళ్లు అనుకున్నాడు. ఊళ్లో ప్రతి గుంతనూ ప్రతి గోడనూ ఇది ఎందుకిలా ఉందని అడిగే నేను, ఆ మనిషిని మాత్రం 'నువ్వేం చేస్తున్నావనుకుంటున్నావు కాకా' అని ఒక్కసారీ అడగలేదు. ఇప్పటికీ నాకు అదే వింత.

ఏడాది నిండబోతుండగా హైదరాబాదులో చేతిపనుల మేళాలో ఒక బల్ల దొరికింది. అక్కడ నలుగురి కంట్లో పడితే బతికినట్టు, లేకపోతే బడి. కొత్తగా ఏం తీసుకుపోవాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంటూ బస్టాండు దగ్గర ఆటోలో కూర్చుంటే, ఎదుటి ఆటో హెడ్‌లైటు కనిపించింది. గుండ్రటి చిన్న గిన్నె, చుట్టూ అంచు, మధ్యలో బుడిపెలా బల్బు. ఎంత ముద్దుగా ఉందో! చెవులకు రెండు ఆటో లైట్లు! అక్కడే చేతిలో ఉన్న బస్సు టికెట్ వెనక గీసేసి, ఇంటికెళ్లి శుభ్రంగా మళ్లీ గీసి కాకకు ఇచ్చాను. అప్పటిదాకా కంకణాలు, ఉంగరాలు, గొలుసులే తప్ప చెవులకు ఏమీ చేయించలేదు. అందుకని వెనక వైపు గీయాలన్న సంగతే తోచలేదు. "పది జతలు కాకా, వెండివి. వచ్చే గురువారానికి. పైన బంగారు పూత వేయిద్దాం," అన్నాను. కాక కాగితం పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత నావైపు చూసి, ఎప్పుడూ లేనిది, "మంచి పని జేస్తున్నవు బిడ్డా," అన్నాడు. నా గీత నచ్చిందనుకుని పొంగిపోయాను.

గురువారం పొద్దున సందులోకి వెళ్తుంటే గాజులమ్మే అవ్వ లేచి నిలబడింది. "సల్లగుండు బిడ్డా, శాన పున్నెం," అంది. చాయ్ బండాయన చాయ్ తాగి పొమ్మని బతిమాలాడు. వీళ్లకేమైందో అనుకుంటూ అరుగెక్కితే, కాక తలంటుకుని, ఉతికిన పంచె కట్టి, బొట్టు పెట్టుకుని కూర్చున్నాడు. రేడియో బంద్. ముందు ఒక పళ్లెంలో పసుపు రాసిన తమలపాకులు పది, ఒక్కో ఆకు మీద ఒక్కో జత నావి.

"బియ్యమేవి?" అన్నాడు.

"ఏం బియ్యం?"

"గదేంది బిడ్డా! ఉత్త చేతుల్లకు పుస్తెలు ఇస్తరా ఎక్కడన్న? సోలెడు బియ్యం, పసుపుకొమ్ము తేవాలె. పది మంది ఆడివిల్లల పెండ్లిళ్లు జేస్తున్నవు, గిది తెల్వదా?"

పళ్లెంలోంచి ఒక జత ఎత్తాను. చేతిలోకి తీసుకుని చూస్తే తెలిసింది. గుండ్రటి గిన్నె, అంచు, మధ్యలో బుడిపె, జతలు జతలు. మా ప్రాంతంలో పుస్తె అచ్చం అలాగే ఉంటుంది మరి! వెనక శీల లేదు. పసుపు దారం దూరేందుకు చిన్న గొట్టం ఉంది. ఆ ఏడు ఊళ్లో సామూహిక వివాహాల మాట నడుస్తోంది. పేదింటి పెళ్లిళ్లకు దాతలు వెండి మీద పూత వేయించి ఇవ్వడం ఆయన ఎరిగినదే. టీచరమ్మ కదా, పది మందికి పుస్తెలు పెడుతోందనుకున్నాడు. అడగడం మర్యాద కాదు కాబట్టి నన్ను అడగలేదు గానీ, సందంతా చెప్పుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. దాచడమెందుకు, అరిచాను. "ఇవి పుస్తెలు కావు కాకా, ఆటో లైట్లు! చెవులకు పెట్టుకునే కమ్మలు! ఎల్లుండి మేళా. ఇప్పుడు గొట్టాలు తీసేసి శీలలు పెట్టు," అన్నాను. ఆయన పళ్లెం తన వైపు జరుపుకున్నాడు. "ఆటో లైటా?" అన్నాడు. ఆకులు సర్దుతూ, "నేను మంచి దినం జూసి, తానం జేసి, ఒక్కొక్క జతకు ఆ పిల్ల సల్లగుండాలె అని దండం పెట్టుకుంట చేసిన. పుస్తెలను తీస్కపోయి చెవులకు ఏలాడదియ్య. నాతోని గాదు," అన్నాడు. కోపంగా కూడా కాదు, నెమ్మదిగా. అదే నన్ను భయపెట్టింది. కాక చెయ్యకపోతే నాకు ఇంకెవరూ లేరు. మేళా బల్ల మీద పాత కంకణాలు నాలుగు పెట్టుకుని కూర్చోవాలి. ఆ తర్వాత బడి, కొండలు, సూర్యుడు. ఏడుపొచ్చింది, ఆయన ముందే ఏడ్చాను.

ఏడుపు తగ్గాక ఏం తోచిందో, "అయితే ఒకసారి వచ్చి చూడు కాకా. నేను అబద్ధం ఆడుతున్నానో లేదో," అన్నాను. ఆయన వస్తాడని అనుకోలేదు. కానీ పళ్లెం మీద గుడ్డ కప్పి, చెప్పులు వేసుకున్నాడు. నలభై ఏళ్లు అదే సందులో వంగి కూర్చున్న మనిషి, బస్టాండు దాకా నడుస్తూ అటూ ఇటూ చూసిన చూపు నేను మరచిపోలేను. ఆటోల అడ్డాలో మొదటి ఆటో ముందు గొంతుకూర్చున్నాడు. జేబులోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నాడు. ఆటో భాయ్ పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది చాచా? లైటు పలిగిందా?"

"పలగలే భాయ్. జర లైటెయ్యి."

"పగటిపూట లైటెందుకు చాచా?"

"ఎయ్యరాదూ, ఏం పోతది!"

లైటు వెలిగింది. కాక అంచు చుట్టూ వేలితో తడిమాడు. ఒకసారి, రెండోసారి. తర్వాత తల తిప్పి నన్ను చూసిన చూపు, నేను బళ్లో తప్పు గీసిన పిల్లలను చూసే చూపే. "మూడు మేకులున్నయి గదా ఇంచుమించు సమానంగ. నువ్వు గియ్యలే," అన్నాడు. అవును. అంచు మీద మూడు మరమేకులు. ఆకారాలు చూసే పిచ్చిదాన్ని నేను, మూడు మేకులూ మింగేశాను! "పుస్తె అంచు మీద ఏముండదు బిడ్డా. మేకులు గీసుంటె నేను పుస్తెలు అనుకోకపోదును. తప్పు నీది," అన్నాడు. ఒప్పుకున్నాను. ఏం చేస్తాం!

తిరుగు దారిలో ఆయన నడక మారింది. ప్రతి దుకాణం దగ్గరా ఆగుతున్నాడు. "గిదేంది? గది నువ్వు గీసినవా? గా డ్రైనేజీ మూత గియ్యలేదేంది?" నాకు తల ప్రాణం తోకకొచ్చింది. అరుగు మీద కూర్చోగానే కుంపటి రాజేశాడు. అంచు మీద మూడు వెండి గుండ్లు అతికితే ఇక అది పుస్తె కాదు, ఆటో లైటే అని ఆయనే తేల్చాడు. గొట్టం ఊడదీస్తే గిన్నె పలుగుతుందని దాన్ని అలాగే వదిలి, పక్కన శీల పెట్టాడు. అలా తొమ్మిది జతలు మార్చి ఇచ్చాడు. పదో జత ముట్టుకోలేదు. "దండం పెట్టుకుని చేసిన. అన్నీ అబద్ధం గావద్దు. ఒక జత ఉండనీ. ఎవరికి రాసిపెట్టున్నదో," అని చిన్న డబ్బాలో పెట్టి నా చేతికిచ్చాడు.

మేళాలో ఆ తొమ్మిది జతలూ మొదటి పూటే పోయాయి. ఆ కమ్మల పుణ్యమా అని నేను మళ్లీ బడి మెట్లెక్కలేదు. తర్వాత ఎన్నో వందల జతలు చేశాడు కాక. ఇక గొట్టం అక్కర్లేదు మొర్రో అన్నా వినలేదు. "ఉండనీ బిడ్డా, ఏం బరువా?" అనేవాడు. చివరికి నేనే ఊరుకున్నాను. ఇప్పుడు ఆయనకు చూపు ఆనడం లేదు. కోస్గిలో కూతురి దగ్గర ఉంటున్నాడు. పని చేసేవాళ్లు వేరే వచ్చారు. వాళ్లకు ఆ గొట్టమెందుకో తెలియదు, పాత కమ్మ చూసి అలాగే పెడతారు.

ఇదంతా విని ఆ అమ్మాయి చాయ్ గ్లాసు కింద పెట్టింది. నవ్వుతుందనుకుంటే నవ్వలేదు. విరిగిన కమ్మ వైపే చూస్తూ, "మేడం, వచ్చే నెల నా పెండ్లి," అంది. "అత్తగారి పుస్తె వాళ్లు తెస్తరు. పుట్టింటి పుస్తె మేం చేయించుకోవాలె. మా బాపు ఆటో నడుపుతడు. జడ్చర్ల రూటు. నన్ను సదివిచ్చింది ఆ ఆటోనే. గీ కమ్మనే పుస్తె చేసిస్తరా అని అడగనీకి వచ్చిన. శీల ఇరిగితె ఇరిగె, వెనక దారానికి జాగా ఉన్నది గదా అనుకున్న. కని నవ్వుతరేమోనని నోరు రాలే."

నేను లేచి బీరువాలో వెనక అరలోంచి ఆ చిన్న డబ్బా తీశాను. పూత ఇంకా పోలేదు. ఒకటి ఆమె అరచేతిలో పెట్టాను. మెల్లగా గుప్పిట మూసుకుంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు చూసి నాకూ ఆగలేదు. వెంటనే మళ్లీ తీసేసుకున్నాను. "ఉత్త చేతుల్లకు ఇయ్య బిడ్డా. బాపును తోలుకొని, సోలెడు బియ్యం, పసుపుకొమ్ము పట్టుకొని రా," అన్నాను. నా నోట ఆ మాట అచ్చం కాక గొంతుతో వచ్చింది.

సాయంత్రం కోస్గికి ఫోన్ చేశాను. "కాకా, నీ పుస్తెకు జాగా దొరికింది. ఆటో ఆయన బిడ్డ." అవతల ముక్కు చీదిన చప్పుడు. ఆ తర్వాత ఆయన అడిగింది పెళ్లి గురించి కాదు. "ఇప్పటి ఆటోలకు గూడ మూడు మేకులేనా?" అన్నాడు. బ్యాటరీ ఆటోలు వచ్చాయని, వాటి లైట్లు గుండ్రంగా ఉండడం లేదని చెప్పాను. "మరెట్లున్నయి?" అన్నాడు ఆత్రంగా. "గీసి పంపితే నాకేం కనపడదు. తీగ వంచి పంపు, తడిమి చూస్త."

అందుకని ఇవాళ పొద్దున బస్టాండు దగ్గర ఒక కొత్త ఆటో ముందు గొంతుకూర్చుని, రాగి తీగ వంచుకుంటున్నాను. డ్రైవరు నన్ను వింతగా చూస్తున్నాడు. ఇంకొన్నేళ్లకు ఈ ఊళ్లో గుండ్రటి లైటు ఒక్కటీ మిగలకపోవచ్చు. ఒకటి మాత్రం ఒకామె మెడలో నలిగి అరిగి నునుపు తేలుతూ ఉంటుంది, ఏదో ఒక రోజు ఆమె ఒళ్లో కూర్చున్న మనవరాలు దాన్ని పట్టుకుని, ఇదేంది అవ్వా అని అడిగేదాకా.