కొత్తగూడలో చేతికిచ్చిన టెంకాయ

నా చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది. నా శ్రీశైలం పాదయాత్ర కొత్తగూడ దగ్గరే ఆగబోయింది. మొదట్లోనే ఆగిపోవడంలో నాకు మంచి అనుభవం ఉంది.

తొంభైల చివర్లో, శివరాత్రి ముందు సంగతి. మా తెనాలి స్నేహితులు హైదరాబాదు శివారు నిజాంపేటలో గది తీసుకుని కంప్యూటర్ కోర్సులు చేస్తుంటే, నేను వాళ్లకి వండిపెట్టేవాణ్ణి. అందరం కలిసే బయల్దేరాం. వాళ్లు ఆ కోర్సుల కబుర్లలో పడి ముందుకెళ్లిపోయారు. నేను అరికాళ్లు బొబ్బలెక్కి ఒక బండమీద కూలబడ్డాను. ఒక్కడూ వెనక్కి చూడలేదు. ఇక గదికి పోదామని లేచాను.

నా నుదుటి విభూతి చూసి, పక్క గుడిసెలోంచి ఒకావిడ టెంకాయ తెచ్చి నా చేతిలో పెట్టింది. కొత్త మేడల కోసం అక్కడ రాళ్లు కొట్టే కుటుంబం వాళ్లది.

"మా ఆయన ఏటా నడుస్తడు. ఈసారి కాలిరిగింది. మా పేరు మీద మల్లన్న కాడ కొట్టు బిడ్డా."

"నేను వెనక్కి పోతున్నానండి."

"గట్లెట్ల పోతవు? మల్లన్న కాడికి బయలెల్లినోని చేతుల వెట్టింది వాపస్ తీసుకోం."

మా వైపు ఎవరి మొక్కు వాళ్లే తీర్చుకుంటారు. ఈవిడ నా పేరైనా అడగలేదు.

"మలుపు తిరిగాక నేనే కొట్టుకు తినేస్తే?" అన్నాను.

"తిను. జవాబు నువ్వే చెప్పుకుంటవ్."

హైదరాబాదుకొచ్చాక వంట కాకుండా నన్ను ఇంకో పని అడిగిన మొదటి మనిషి ఆవిడే. కాళ్లకి గుడ్డ చుట్టుకుని నడిచాను. మా స్నేహితుల్ని అందుకునేసరికి సాయంత్రమైంది.

"ఒరేయ్ రాంబాబూ, వెనకాల నేను లేనని మీకెప్పుడు తెలిసిందిరా?" అని అడిగాను.

"ఆకలేసినప్పుడు."