ఆంటీ నా చేతిలో పెట్టిన కుక్క పాదం

మా పక్కింటి ఆంటీ శుక్రవారం కన్నుమూశారు. ఆస్పత్రి డ్యూటీ దిగి వచ్చిన మా అమ్మాయి, కోటు కూడా విప్పకుండా ఆ మాట చెప్పి, వాళ్ల పెరట్లోకెళ్లి ఆవిడ కుక్కల మధ్య కూర్చుండిపోయింది.

మా అమ్మాయిని చూసి నేనూ ఆవిణ్ణి ఆంటీ అనేవాణ్ణి. ఇంగ్లీషావిడే అయినా, అమ్మాయి పిలుపు విని ఆవిడా నన్ను నాన్నా అనేవారు. ఇంగ్లండులోని ఈ షెఫీల్డ్‌లో మంచు ఎన్నాళ్లు నిలుస్తుంది? అయినా ఆవిడ జీవితమంతా మంచుబండి లాగే కుక్కలనే పెంచారు. చలికాలంలో అడవి బాటల మీద చక్రాల బండికి కట్టి తోలేవారు. ఆ విద్య నా బిడ్డకూ పట్టించారు. తలుచుకుంటే నాకు సంతోషం ఆగదు.

జబ్బు ముదిరాక ఆవిడకు ఒకటే దిగులు, తన కుక్కల వంశం తనతో ఆగిపోతుందేమోనని. ఈనగల ఆడకుక్క ఒక్కటే మిగిలింది. దానికీ అదే చివరి ఈత. ఏ మగకుక్కతో కలపాలి?

నేను ఒంగోలు పక్క రైతుని, గిత్తల్ని ఎంచినవాణ్ణి. నీలికళ్ల పెద్ద కుక్కను చూపించి, "రాజులా ఉంది, ఆంటీ" అన్నాను.

"అన్నిట్లోకీ అదే ఫాస్ట్" అని మా అమ్మాయి వంత పాడింది.

ఆంటీ నవ్వారు. ఆవిడ మాటలు అమ్మాయి తెలుగులో చెప్పింది. "పెళ్లి ఫోటోకైతే అదే, నాన్నా. కానీ పరిగెత్తి అలిసిందంటే ముద్ద ముట్టదు. ఇవాళ తినని కుక్క రేపు లాగదు. పక్కదాని మీద గుర్రుమంటుంది కూడాను."

చెవి చిరిగిన ఓ బక్క కుక్కను పిలిచి, దాని పాదం ఎత్తి నా చేతిలో పెట్టారు. అరికాలి మెత్తలు గట్టిగా ఉన్నాయి. వేళ్ల మధ్య రాయి దూరే సందు లేదు. మా నాన్న కూడా గిత్తను కొనేముందు మొదట గిట్టలే తడిమేవాడు. ఎక్కడి ఒంగోలు, ఎక్కడి ఈ తల్లి.

"లాగాలన్న కోరిక పుట్టుకతో రావాలి, నాన్నా. మనం నేర్పేది ఆగడం ఒక్కటే" అనేవారు.

ఆ బక్కదాన్నే కలిపారు. కూనలు పుట్టి ఎదిగాయి. అవి లాగడం చూసేదాకా ఉంటానా అని ఆవిడ బెంగ. ఉన్నారు. పోయిన నెల వీల్‌చెయిర్‌లో అడవి గేటు దాకా తీసుకెళ్లాం. మా అమ్మాయి ఒక కూనను తల్లి పక్కన బండికి కట్టింది. అది కాసేపు దిక్కులు చూసి, చతికిలబడింది. ఆంటీ ముఖం వాడిపోయింది.

"కేకెయ్యనా, ఆంటీ?" అంది అమ్మాయి.

"వద్దు. లాగుతానని దాన్నే అడగనీ."

కూన లేచింది. ఒళ్లు విదిలించుకుని, రొమ్ము ముందుకు తోసింది. తాడు బిగిసింది, ముందుకాళ్లు నేల విడిచాయి. తడి ఆకుల మీద చక్రాలు కదిలాయి. దుప్పటి కప్పుకున్న ఆంటీ కూడా కుర్చీలో ముందుకు వాలారు. నేను వెనక నుంచి పిడులు గట్టిగా పట్టుకున్నాను.