కిర్మ

రెంజల్ దాపున ఒక దొర చెరుకుతోటలో కోతకు పోయే ఆడవాళ్లకు తమకే తెలిసిన కొన్ని మాటలుండేవి. వాటిలో ఎక్కువగా నలిగిన మాట 'కిర్మ'. దాన్ని పుట్టించింది సాయవ్వ. మేస్త్రి లింబయ్య కిర్రుచెప్పుల చప్పుడులోంచి తీసింది. మొదట దానికి 'వాడొస్తున్నాడు' అనే అర్థం. తర్వాత 'నోట్లో చెరుకుముక్క ఉమ్మెయ్యి' అని కూడా అయింది. సాళ్ల మధ్య దాక్కుని పసిదానికి పాలిచ్చే భూమవ్వకు మాత్రం 'రొమ్ము విడిపించి లే' అని. ఆ మాట చాటునే ఆ పసిది బతుకుతోంది.

1957 కోతలనాటికి సాయవ్వ మళ్లీ కడుపుతో ఉంది. అంతకుముందు రెండుసార్లు ఆ చెరుకుల్లోనే కడుపు పోయింది. వంగితే కళ్లు తిరుగుతున్నాయి. నీళ్లకుండ దగ్గర నీడపట్టున పని ఇమ్మని లింబయ్యను అడిగింది.

"ఇస్త తియ్యి," అన్నాడతను తాపీగా. "గని నేను రాంగనె మీరు ఒకటంటరు గద. గదేందో చెప్పు."

సాయవ్వ కడుపు మీద చెయ్యి వేసుకుంది. చెప్పేసింది.

మర్నాడు లింబయ్య చెప్పులు గట్టున విడిచి వచ్చాడు. భూమవ్వ వెనక వంగి, మెల్లగా "కిర్మ" అన్నాడు. పసిది ఇంకా పాలు తాగుతూనే ఉంది.

"లే. ఇగ ఇంటికాడ కూసోని దినమంత పాలియ్యి."

భూమవ్వ బిడ్డను చంకనేసుకుని నీళ్లకుండ పక్కనుంచే పోయింది. "నీ కడుపు సల్లగుండ, అక్క," అంది ఆగకుండానే. భూమవ్వను మళ్లీ ఎవరూ పనికి పిలవలేదు. తిండి లేక తల్లికి పాలెండిపోయాయి. ఎండలు ముదరకముందే పసిది పోయింది.

ఆడవాళ్లు ఆ మాటను పారేయలేదు. సాయవ్వ బావి దగ్గరికొస్తే "కిర్మ" అనేవారు, అంతటితో ముచ్చట ఆగిపోయేది. ఒకసారి ఆమె తట్టుకోలేక నిలదీసింది.

"నువు వెట్టిన మాటనే గద, వదినె," అంది హన్మవ్వ చేద లాగుతూ. "మమ్ముల అడుగుతవేంది?"

సాయవ్వకు కూతురు పుట్టింది, బతికింది. ఈరవ్వ అని పేరు పెట్టుకుంది. అయిదో ఏట ఆ పిల్ల ఒకనాడు హన్మవ్వ అరుగు మీద ఆడవాళ్ల నడుమ కూర్చుని చెరుకు నములుతోంది. సందు మలుపులో తన అవ్వ, సాయవ్వ, కనబడింది. "కిర్మ," అని గబుక్కున పిప్పి ఉమ్మేసింది.

సాయవ్వ కాళ్లు అక్కడే ఆగాయి. "గట్లంటె ఏందో ఎరికెనా, బిడ్డ?"

"ఎరికే. మా అవ్వ వస్తున్నదన్నట్టు."

ఎవరూ నవ్వలేదు. హన్మవ్వ ఇంకో ముక్క విరిచి పిల్ల చేతిలో పెట్టింది.